గురువారం, ఒక్కో మాట

పాతబట్టల కొట్టు షట్టరు దించాక
వెనకగది మా నలుగురిదీ.
స్టవ్ మీద బఠాణీ సూపు.
గురువారం కదా, ఔలులో సగం ఇళ్లలో అదే వాసన.
హ్యాంగర్లకు వేలాడుతున్న
తలల్లేని భుజాలు
వరసగా నిలబడి మా కబుర్లు వింటాయి.

నియమం ఒక్కటే.
వారమంతా నోట్లో చప్పరించిన మాటొకటి తేవాలి.
పుస్తకం తెస్తే సగం చదివిందైనా పర్లేదు.
బట్ట తెస్తే మాత్రం అందరూ తొడగాల్సిందే,
పట్టినా పట్టకపోయినా.

పిహ్లా సిటీ బస్సు నడుపుతుంది.
దాని మాటలన్నీ ప్యాసింజర్ల దగ్గర కొట్టేసినవే.
ఈసారి "మ్యోతహాపెయా":
ఎవడో పరువు తీసుకుంటుంటే
మనకు ముచ్చెమటలు పట్టడం.
టీవీ డాన్సు పోటీలో
ఆ వాతావరణం చెప్పే ఆయన జారిపడ్డప్పుడు
సోఫా దిండు వెనక దాక్కుందట.
అక్కణ్నించి అరగంట వాదన:
ఆ జడ్జి మూతి విరుపు, ఆ అరమార్కు,
ఆ ఆకుపచ్చ తళుకుల చొక్కా.
చొక్కా దగ్గర మాత్రం నలుగురిదీ ఒకే తీర్పు.
ఉరి.

నేను విరాళాల సంచీలో దొరికిన కోటు తెచ్చాను,
భుజాల్లో దిండ్లున్న కాలం నాటిది.
ఎవరు వేసుకున్నా వార్తలు చదవబోతున్నట్టున్నారు.
రౌని వేసుకుని అద్దంలో చాలాసేపు చూసుకుంది.
డెబ్భై నాలుగేళ్ల మనిషి.
"విడాకుల సంతకానికి ఇలాంటిదే వేసుకెళ్లాను,
తలుపులో పట్టలేదు, పక్కకి తిరిగి దూరాను" అంది.

మా నలుగురి మధ్యా తిరిగే డిటెక్టివ్ నవల ఒకటుంది.
ఆఖరి ఎనిమిది పేజీలు లేవు.
నలుగురికీ నలుగురు హంతకులు.
ఇంకో కాపీ కొన్నవాళ్లతో మాటల్లేవు.

రౌని మాట: "హంకికాంతో".
పగలు కరిగి, రాత్రి బిగిసి,
మనిషి బరువు మోసేంత గట్టిపడ్డ
మంచు పైపొర.
"ఆ పొద్దుల్లో బడికి దారి అక్కర్లేదు మాకు.
కంచెలన్నీ మంచు కిందే.
ముక్కుసూటిగా వెళ్లిపోవడమే."
నాలుగక్షరాల మీద
ఒక ఊరి పిల్లలంతా నడిచి వెళ్లారు.

సైమి ఆఖర్న.
పళ్ల డాక్టరు దగ్గర పనిచేస్తుంది, తక్కువ మాట్లాడుతుంది.
"వియెలా" అంది.
ఇంకా.
అంతే.
"అదీ ఒక మాటేనా, ఉప్పులాంటిది" అంది పిహ్లా.
"ఉప్పే" అంది సైమి.
"రోజూ నేనే అడుగుతాను కుర్చీలో వాళ్లని,
ఇంకా నొప్పిగా ఉందా అని.
మొన్న వేరే ఆసుపత్రిలో
నన్ను పడుకోబెట్టి అడిగారు."

సూపు అడుగంటుతోంది.
ఎవరూ లేవలేదు.
రౌని కోటు విప్పి
దాని భుజాలకు తగిలించింది.
చేతుల్లోంచి వేలికొసలు కూడా బయటికి రాలేదు.

శనివారం ఐదున్నరకి పిహ్లా ఫోను:
"మైనస్ పదకొండు. లేవండి."
బస్సు ఆఖరి స్టాపు అవతల, పొలాల అంచున
నలుగురం.
ఎవరి బట్టలు ఎవరివో చెప్పలేం.
కోటు మీద కోటు వేసుకుని సైమి,
చిన్న అలమరలా.

ముందు రౌని అడుగు వేసింది.
పెంకు చిట్లినట్టు చిన్న చప్పుడు.
ఆగింది. మోసింది.
పది అడుగులకోసారి వెనక్కి తిరక్కుండా అరుస్తుంది:
"ఇంకా?"
వెనకనించి ముగ్గురం:
"ఇంకా!"
సైమి గొంతే అందరికన్నా పెద్దది.
ఆ గొంతు అంత ఉందని నాకు తెలీదు.

పొలం మధ్యలో
నా ఎడంకాలు మోకాటిదాకా దిగబడింది.
ముగ్గురూ పట్టుకు లాగితే
నేనొచ్చాను.
బూటు రాలేదు.
పసుప్పచ్చ బూటు, ఒక సైజు చిన్నది,
సైమి దగ్గర అరువు తెచ్చుకున్నది.