కాస్త ఆలస్యంగా

కొత్తపేట ఆసుపత్రి మూడో అంతస్తులో
మందుల బండి తనంతట తానే నడుస్తుంది.
అడుగడుక్కీ ఆగుతుందని
మేం దాన్ని 'పెద్దమనిషి' అంటాం.

మొదటి వారం
వరండాలో చాప మీద నిద్రపోతున్న
ఎవరో ముసలాయన కాళ్ళ దగ్గర
నలభై నిమిషాలు నిలబడిపోయింది.
ఆసుపత్రిలో నేల మీద పడుకునే మనుషులుంటారని
దాన్ని చేసినవాళ్ళు అనుకున్నట్టు లేదు.
సువార్తమ్మ చీపురు పక్కన పెట్టి
"ఇటు రా నాయనా" అని దారి చూపించింది.
ఎంత నవ్వుకున్నామో!

మే నెల. పద్నాలుగో మంచం మీద ఫ్యాను చెడింది.
మిర్చియార్డులో తొడిమలు తీసే మస్తాన్‌బీ,
ఆ సాయంత్రమే చేరింది,
దగ్గి దగ్గి, ఉక్క పట్టలేక
పక్కావిడతో మంచం మార్చుకుంది.
ఆవిడా మస్తాన్‌బీయే.
మాకెవరూ చెప్పలేదు.

రాత్రి రెండున్నర.
బండి వచ్చింది, చేతిపట్టీ చదివింది,
సొరుగు తెరవలేదు.
"ఈమె ఎవరో నాకు రూఢిగా తెలియడం లేదు.
సిస్టర్, మీరు చూడండి."

విసుక్కుంటూ లేచాను.
పేరడిగాను. మస్తాన్‌బీ. సరిపోయింది.
ఎర్ర మీట నొక్కి సొరుగు నేనే తీశాను,
సూదిలోకి మందు ఎక్కించాను,
నరం కోసం చేయి పట్టుకున్నాను.

చల్లటి చేయి.
సాయంత్రం నాడి చూసినప్పుడు
నా వేళ్ళు గంటసేపు మండాయి కదా,
ఆ మంటేదీ?

"షేకా, పఠానా?" అన్నాను, గొంతు ఎండిపోయి.

ఇప్పుడందరూ బండిని మెచ్చుకుంటున్నారు.
ఆ రాత్రి రిజిస్టరులో నేను రాసిన వరుస
ఎవరూ చదివినట్టు లేదు:
"బండి ఆగింది.
నేను కాస్త ఆలస్యంగా ఆగాను."