మూడో ముడి

పాత చీర అంచు చింపి
మూడు ముడులేసుకొని బయలెల్లిన.
మర్రిగూడ నుంచి నల్లగొండ దాక
సంచిల అదే, పాసుబుక్కు మీద చుట్టి.

మొదటి ముడి, అన్నిట్ల కింది కొమ్మ ఎత్తు.
కాయ బరువెక్కినంక బత్తాయి కొమ్మ
అలిసిన చెయ్యి లెక్క జారుతది,
అప్పుడు కొలిచిన. మూడు మూరలకు బెత్తెడు తక్కువ.
రెండోది, ఈ సాలు కొసకు ఆ సాలు కొసకు నడుమ
చెట్లు నాకు మిగిల్చిన తొవ్వ.

పోయినేడు కిరాయి ట్రాక్టరు వచ్చి
గంటకు పన్నెండు వందలు తీస్కొని
గరిక ఎంత దున్నిందో
కత్తెర పూత అంత దున్నింది.
డ్రైవరు పిలగాడు నెత్తిమీది పూత దులుపుకుంట
"పెద్ద బండి గదక్కా" అన్నడు,
పెద్దోళ్ల తప్పు తప్పు గాదన్నట్టు.

షోరూముల చల్లగుంది.
అమ్మే పిలగాడు నా మొకం చూడకుంట
మా మరిది లింగస్వామికి చెప్తుండు
గేర్లు ఎన్ని, లిఫ్టు ఎంత, కిస్తు ఎంత.
లింగస్వామి కన్ను నలభై ఐదు హెచ్‌పీ మీదుంది.
"ట్రాలీ తగిలిస్తె వడ్లు కొట్టొచ్చు, ఇసుక కొట్టొచ్చు వదినె,
కిస్తులు వాటంతటవే ఎల్లుతయ్."
నేను అంచు తీసి బానెట్‌కు పట్టిన.
ముడి దాటి జానెడు పైకుంది.
"ఇది తోటల దూరది" అన్న.

ఇంకోటి చిన్నదే.
కానీ పొగగొట్టం నిటారుగ,
పంచాయితిల పెద్దమనిషి లేచి నిలవడ్డట్టు.
"పొగ తగిలితె ఆకు మాడుతది,
కిందికి ఇడిచేది లేదా?"
అప్పుడు మల్లిండు పిలగాడు నా దిక్కు.

మూడో ముడి బస్సుల ఊడిపోయింది,
చండూరు దాటినంక ఎక్కడనో.
అది నా కాలు.
తుంటి నుంచి మడిమ దాక, వంగినంత వరకు.
మా ఊరి బోరు నీళ్లు ముప్పై ఏండ్లు తాగిన మోకాలు
తుప్పువట్టిన గేటు లెక్క
సగంల ఆగుతది.
కాయితం మీద అన్నీ రాసుంటయ్
ఎత్తు, బరువు, లీటరుకు ఎన్ని గుంటలు.
క్లచ్చి ఎంత గట్టిదో ఎవ్వడు రాయడు.

కుచ్చిళ్లు ఒడిల కుక్కుకొని ఎక్కి కూసున్న.
తొక్కిన. సగమే దిగింది.
ఇంకోటి ఎక్కిన. అదీ అంతే.
మెకానిక్ జాంగీర్ చేతుల నూనె గుడ్డకు తుడుసుకుంట వచ్చి
"కొత్తది గట్టిగనే ఉంటదమ్మా,
వాడంగ వాడంగ మెత్తవడుతది" అన్నడు.
"నా కాలు వాడంగ వాడంగ గట్టివడ్డది,
మేమిద్దరం ఎక్కడ కలవాలె?"

ఆయన నవ్వలే.
షెడ్డు ఎనుకకు తోల్కపోయిండు.

కొల్లాపూర్ మామిడితోటల
పదకొండు వందల గంటలు తిరిగి
మార్పిడిల వచ్చిన బండి. ఇరవై రెండు హెచ్‌పీ.
రంగు ఎలిసింది, ఒక లైటు లేదు,
సీటు చినిగి స్పంజి బయటికొచ్చింది.
అంచు పట్టిన, రెండు ముడులూ సరిపోయినయ్.
కాలు పెట్టిన.
ఎవరి పాదమో తొక్కి తొక్కి మెత్తజేసిన క్లచ్చి
సాధుబర్రె ఒరిగి పండుకున్నట్టు
అడుగు దాక దిగింది.

లింగస్వామి మొకం పక్కకు తిప్పిండు.
"పాతదా? ఊర్లె ఏమంటరు?"
"ఊరు దున్నదు గదా."

బ్యాటరీ మార్చాలె అన్నడు జాంగీర్,
ముందటి టైర్లు ఇంకొక ఏడు నడుస్తయ్,
నాలుగడుగుల రోటావేటరు చాలు, పెద్దది తగిలిస్తె గుంజలేదు,
ఎక్కుడు మీద జర మూలుగుతది.
నేనూ అంతే, అనబోయి ఆగిన.
అమ్మాలనుకున్నోడు ఇన్ని లోపాలు చెప్పడు.

టూల్ బాక్సు తెరిస్తె
రెండు పానాలు, తుప్పువట్టిన బోల్టులు,
సగం ఒడిసిన నొప్పుల నూనె సీసా.
ఆయన పారేయబోతుంటె
ఉండనీ అన్న.