మోతకు పర్మిట్

సొహార్‌లో పొద్దున ఏడున్నరకు ఓపీ తెరుస్తారు,
మధ్యాహ్నం రెండింటిదాకా డ్రిల్లు ముట్టుకోకూడదు.
పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా
ఎండలో మనిషిని నిలబెట్టొద్దని సర్కారు మాట.
రాత్రి పది దాటితే పసిపిల్లల వార్డు నిద్ర.
మిగిలిన గంటల్లో
నాలుగంతస్తుల కొత్త ఓపీ కట్టాలి నేను.

నా జేబులో రెండు ఫోన్లు.
ఒకటి కంపెనీది, తిట్లకు.
ఇంకొకటి మూడో వార్డుది. అది మోగితే
ఎక్కడి సుత్తి అక్కడ ఆగాలి.
సిస్టర్ లిస్సమ్మ కారణం చెప్పదు,
"పది నిమిషాలు" అంటుంది, పెట్టేస్తుంది.
ఆ పది నిమిషాల్లో అటుపక్క ఏం జరిగిందో
నా డైరీలో ఎక్కడా ఉండదు.
"4.40 నుంచి 4.50, పని ఆగింది" అని మాత్రం ఉంటుంది.

పాత భవనానికీ మాకూ మధ్య
ఒక ప్లైవుడ్ గోడ, రెండు పొరల ప్లాస్టిక్ తెర,
దుమ్మును ఇటే లాగే ఫ్యాను.
తెర జిప్పు రవ్వంత విడినా
ఖమీస్ టార్చిలైటుతో వచ్చి వేలితో రాసి చూస్తాడు,
అంటిన సిమెంటును నా చొక్కాకే తుడుస్తాడు, నవ్వుతూ.
కోపమొచ్చిన రోజు నవ్వడు.
తుడవడం మాత్రం మానడు.

రోగులు చుట్టూ తిరిగి వెళ్లే దారి నేనే గీశాను.
పసుపు బాణాలు, అరబ్బీలో, ఇంగ్లీషులో,
ఫార్మసీ చుట్టూ, జనరేటరు వెనక నుంచి,
మూడొందల ఇరవై అడుగులు ఎక్కువ.
కాగితం మీద అది బాగానే ఉంది.

ఆగస్టులో ఒక సాయంత్రం,
చొక్కా పిండితే నీళ్లు కారేంత తేమ,
జగిత్యాల ముత్యం కడ్డీల మధ్య కూలబడ్డాడు.
ఎమర్జెన్సీ మీది ఎర్రదీపం
ప్లైవుడ్ పైనుంచి కనిపిస్తూనే ఉంది,
ఇరవై అంగల్లో.
మేం నలుగురం వాణ్ని మోసుకుని
నా బాణాల వెంట పరిగెత్తాం.
ఫార్మసీ చుట్టూ. జనరేటరు వెనక నుంచి.
ఒక్కొక్క బాణం
తాపీగా, చక్కటి అక్షరాలతో, ఇటు ఇటు అంటోంది.

బతికాడు.
సెలైన్ ఎక్కుతుంటే చూడ్డానికి వెళ్లాను,
బూట్లకు నీలం తొడుగులేసుకుని.
దీనమ్మ, మా తాటిపాక మనిషి, నేల తుడుస్తూ
"మీ దుమ్మేనండీ, రోజూ మీ దుమ్మే" అని గొణిగింది.
ముత్యం కళ్లు తెరవలేదు.
"ఈడ పండుకుంటె ఎరుకైతది సార్,
మన మిషిని ఎంత మోత జేస్తదో.
మంచం సుత వణుకుతున్నది."

గోడ మీద చెయ్యి పెట్టాను.
అవును.

మర్నాడు ప్లైవుడ్‌లో ఒక తలుపు కోయించాను.
ఖమీస్ రెండు తాళంచెవులు చేయించి ఒకటి నాకిచ్చాడు.
డైరీలో దానికి గడి లేదు, అంచున రాసుకున్నాను.

వారం తర్వాత ముత్యం పనిలోకొచ్చాడు.
డ్రిల్లు ఎత్తే ముందు
గోడను అరచేత్తో రెండుసార్లు తట్టాడు,
ఎవరింటి తలుపో తట్టినట్టు.
కాసేపు ఆగాడు.
ఫోను మోగలేదు.
అప్పుడు నొక్కాడు.