బండి నెత్తిన కిటికీ

బోరు లారీ వెనకాల వచ్చే రాడ్ల బండి మీద
రేకుల పెట్టె ఒకటుంది. మా ఇల్లు అదే.
ఆరుగురం, ఒక స్టవ్వు, పగిలిన అద్దం ముక్క.
దాని నెత్తిన మూరెడు కిటికీ.
సెల్వం అన్న సేలంలో పాత సామాన్ల కొట్లో కొన్నాడు,
ఎవరో సరదాకి ఊళ్లు తిరిగిన బండిదంట.
రేకు కోసి, కూర్చోబెట్టి,
తిప్పుడు పిడి నా చేతిలో పెట్టాడు:
"ఖాదరూ, ఇక గాలి నీ పూచీ."

పైది ఒక్కటే తెరిస్తే గాలాడదు,
కింద తలుపు కూడా బెత్తెడు తియ్యాలి.
చేపల పులుసు కాగేటప్పుడు ఫ్యాను తిరగేసి తిప్పాలి,
లేకుంటే వారం దాకా దుప్పట్లన్నీ పులుసే.
వానలో కూడా వేలు సందు వదలాలి.
మూసేస్తే ఆరుగురి ఊపిరీ రేకుకి అంటుకుని
తెల్లారుజామున మా మొహాల మీదే కారుద్ది.
బండి కదిలే ముందు మూత దించాలి.
ఒకసారి మరిచిపోయా.
పామూరు దారిలో తుమ్మకొమ్మ లేపుకుపోయింది.
కొత్త మూత దొరికిందాకా గోనెపట్టా కింద పడుకున్నాం.
ఎవరూ తిట్టలేదు.
ఆ నెలంతా నా కంచంలోకి నేనే చూసుకుంటా తిన్నా.

వెలిగండ్ల అవతల మాలకొండయ్య బత్తాయి తోట.
మూడొందల అడుగులు, పిండి.
ఆరొందలు, పిండి.
ఎనిమిదొందల ఇరవై దగ్గర సెల్వం అన్న చెయ్యెత్తాడు.
మాలకొండయ్య రాతిపొడి కుప్పల్ని
వరసగా పేర్చుకుంటా కూర్చున్నాడు,
ఏ కుప్ప ఏ లోతుదో మరిచిపోతే ఎట్టా అన్నట్టు.

కంప్రెసరు బెల్టుకి కనిగిరి పోయిన మనిషి రాలేదు.
పాత పళ్ల బ్రష్షు తీసుకుని నేను పైకెక్కా.
దోమల జాలీ నిండా ఆయన పొలం.
సూర్యుడు చూడని రాయి
నా గోళ్లలో, నా కనురెప్పల మీద.
తుప్పు మేకులు మార్చా,
పిడి పళ్లకి కొబ్బరినూనె రాశా,
ఎండకి బీటలేసిన పాత గమ్ము గీకి కొత్తది పూశా.

ఫ్యాను మూల చూస్తే కుమ్మరిపురుగు గూడు.
వేలు పెడితే ఇంకా పచ్చిగా ఉంది.
చుట్టూ చూశా. ఎండిన బత్తాయి, ఎర్రమట్టి, ఎండ.
దీనికి తడి మట్టి యాడ దొరికింది?
సెల్వం అన్నని పిలుద్దామనుకుని
పిలవలేదు.
గూడు కూడా తియ్యలేదు.

మధ్యాహ్నానికి గమ్ము ఆరింది.
నీళ్లు పోసి చూడాలి, కారుద్దో లేదో.
ఈ వాకిట్లో ఈ పూట
నీళ్లని నోరెట్టా తెరిచేది?
నిచ్చెన పట్టుకుని నిలబడితే
పిచ్చమ్మ తనే వచ్చింది, టాంకరు నీళ్లు చెంబులో పట్టుకుని.
"లోపలికి పో అబ్బయా, నే పోస్తా."
కొంగు దోపి, నిచ్చెన ఎక్కింది.

నేను లోపల వెల్లకిలా పడుకున్నా.
నీళ్లు మూత మీద పారతా ఉంటే
ఆకాశం కాసేపు అటూ ఇటూ కదిలింది.
మూల మేకు దగ్గర చూపు నిలిపా.
బయట కుప్పల దగ్గర్నించి మాలకొండయ్య
రాత్రంతా అడిగిన మాటే అడిగాడు:
"పడ్డాయా?"

"పడలేదు!" అని అరిచా,
సంతోషంగా.

తర్వాత ఎవరూ మాట్లాడలేదు.
చెంబు నిచ్చెనకి తగిలిన చప్పుడు.
బయటికి రావటానికి నాకు చాలాసేపు పట్టింది.

బెల్టు వచ్చింది. బోరు మీద బండరాయి పెట్టాం.
కదిలే ముందు మూత దించా,
గూడు నలగకుండా, మెల్లగా.