ఉప్పు

వ్యాసర్పాడి వార్డు ఆఫీసు మేడ మీద
మంగళ, శుక్రవారాలు మా ఆయనకి బడి.
సర్కారు కుర్చీలు ఏడు,
వచ్చేవాళ్ళు పదకొండుమంది.
మిగిలినవాళ్ళు గోడకి ఆనుకుంటారు.

మునిరత్నం నీళ్ళ లారీ తోలేవాడు.
మాధవరం మలుపులో పడ్డాక
తలలోని అరవమంతా కారిపోయింది.
తెలుగు కాస్త అడుగున మిగిలింది,
మడ్డిలా.

సర్టిఫికెట్లో నలభై రెండు శాతం అని రాశారు.
దేనిలో నలభై రెండో నేనడగలేదు.
నా పేరు కావలసొస్తే ‘ఇదిగో’ అంటాడు.
ఎవరి మీది కోపమో నా కంచం మీద చూపిస్తాడు,
అది ఏ కాగితంలోనూ లేదు.

పూంగొడికి తెలుగు రాదు.
మూడు నెలలుగా జీతమూ రాలేదట.
అయినా బస్సు దిగి, మెట్లెక్కి వస్తుంది
సంచిలో చిన్న చిన్న డబ్బాలతో.
మూత తీసి నాలుక మీద చిటికెడు వేసి
“ఇదు ఎన్న?” అంటుంది.

మొదటి వారం ఉమ్మేశాడు.
ఏడో వారం డబ్బా విసిరికొట్టాడు.
అందరం వంగి బియ్యం ఏరాం,
దర్జీ కపాలి ఎడంచేత్తో,
ఒక్కో గింజా.

నిన్న కళ్ళు మూసుకుని
చాలాసేపు పెదాలు కదిపి
“ఉప్పు” అన్నాడు.

అరవం తిరిగొచ్చిందని పూంగొడి చప్పట్లు.
తెలుగే కదా అని నేను.
రిజిస్టర్లో ‘ఏ భాష’ అని ఒక గడి ఉంది.
ఆమె పెన్ను అక్కడే ఆగిపోయింది.

రాత్రి చారులో ఉప్పు వెయ్యలేదు,
మర్చిపోయానో, మానేశానో.
ఒక ముద్ద తిని
నా వైపు చూశాడు.

డబ్బా కొంగు చాటున పట్టుకుని
ఆగాను.