మూడు తగ్గితే

లోయ ఇరుకు.
ఇటు కొండ, అటు కొండ, నడుమ డెబా నది.
నదికీ రోడ్డుకీ మిగిలిన సందులో ఫౌండ్రీ,
ఫౌండ్రీ గోడనానుకుని ఆరంతస్తుల ఇళ్ళు.
ఎవరు ముందొచ్చారని అడిగితే
ఇద్దరి దగ్గరా కాగితాలున్నాయి.

నా దగ్గరున్నది ఒక మీటరు.
నల్ల స్పాంజి టోపీ పెట్టుకుంటుంది.
కొలిచే ముందు దాని చెవిలో
తొంభై నాలుగు డెసిబెళ్ళ ఒకే కూత పెట్టి
నిజం చెబుతావా అని అడగాలి.
చెబుతానంటేనే బయల్దేరతాం.

నాలుగో అంతస్తులో మద్దలెన్
తలుపు తీయకముందే మాట్లాడుతోంది.
రాత్రి ఒంటిగంటా పది.
వంటింట్లో గిన్నెలు ఒకదాన్నొకటి తాకి
సన్నగా వణుకుతున్నాయి.
"విన్నావా ఇత్సియార్? ఇప్పుడాగుతుంది.
ఇదిగో, మళ్ళీ."
ఆగడమే ఎక్కువ బాధట ఆవిడకి,
మళ్ళీ మొదలయ్యేదాకా ఊపిరి బిగబట్టాలిట.
ఆరేళ్ళుగా ఉత్తరాలు రాస్తోంది,
జవాబులన్నీ పిండి డబ్బాలో దాచింది.
మీటరు యాభై ఎనిమిది అంది.
మా పట్టీలో రాత్రి హద్దు నలభై ఐదు.

కింద, లోపల,
అచ్చుల్ని విదిలించే జల్లెడ బల్ల.
ఇసుక రాలిపోతుంది,
ఇంకా వేడి చావని పోత ఇనుము
ఇనుప తొట్టిలో, ఇనుము మీదే పడుతుంది.
నూట నాలుగు.
గ్రైండర్లు, గాలి సుత్తులు, కొలిమి ఊదే ఫ్యాను.
యజమాని గోడంతా అరిచి చెప్పుకున్నాడు,
కరెంటు బిల్లు, చేజారిన ఆర్డర్లు.
ఎవరితో? పక్కన నిలబడ్డ షబాత్‌తో,
ముప్పై ఒక్క ఏళ్ళుగా గ్రైండరు పట్టినవాడితో.
రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకున్నట్టు.
షబాత్ మర్యాదగా తలూపాడు.
ఒక్క ముక్క వినపడలేదు.

మోత లెక్క మామూలు లెక్క కాదు.
తొంభై పలికే యంత్రం పక్కన
ఇంకో తొంభై పెడితే
నూట ఎనభై రాదు, తొంభై మూడొస్తుంది.
అందుకే సగం మోత పీకేసినా
మీటరు మూడే మెట్లు దిగుతుంది.
"ఇంత ఖర్చుకి మూడా?" అన్నాడు యజమాని.
మూడంటే సగం అన్నాను.
నమ్మలేదు. గోడ మీద సుద్దతో వేసి చూపించాను.

తొట్టికి రబ్బరు పరుపు వేయించాం.
బల్ల చుట్టూ దూది కుక్కిన గోడల గది,
ఫ్యాను మూతికి పొడుగాటి తొడుగు.
రాత్రి పది దాటాక అచ్చు విదిలించకూడదు.
నది వైపు తలుపు ఎప్పుడూ మూసే ఉండాలి.
ఆ తలుపు మూస్తే కొలిమి దగ్గర మనుషులు ఉడికిపోతారని,
గాలికి వేరే దారి తీయాలని
మొదటి కాగితంలో నేను రాయలేదు.
ఆగస్టులో ఒక కుర్రాడు సొమ్మసిల్లి పడ్డాక రాశాను.

మద్దలెన్ మళ్ళీ ఉత్తరం రాసింది.
పడుకుంటే నది వినపడుతోందట.
అది ఫిర్యాదో కాదో రాయలేదు.
ఏ ఫైల్లో పెట్టాలో తెలియక
బల్ల మీదే ఉంచాను.

మార్చిలో వెళ్ళేసరికి లోపల ఎనభై ఆరు.
ఇంకా ఎక్కువే. చెవి బిరడాలు తీయకూడదు.
కానీ మాటకి మాట తగులుతోంది.
షబాత్ ఒక పంపు గుల్లని గొలుసుకి వేలాడదీసి
చిన్న సుత్తితో తట్టాడు.
ఖంగుమంటే మంచి పోత,
బొంగురుపోతే లోపలెక్కడో చీలిక.
వాళ్ళ మావయ్య నేర్పిన విద్య.
ఇన్నేళ్ళ మోతలో ఎవరూ తట్టి చూడలేదు.

తట్టి, ఆగాడు. మళ్ళీ తట్టాడు.
ఆ పై స్వరాలు అతని చెవి దాటి పోయి చాలా కాలమైంది,
అక్కడిప్పుడు కాపురమున్నది జోరీగ.
కొత్తగా చేరిన ఒయానా వైపు తిరిగి
"ఏమంటోంది?" అన్నాడు.

ఆ పిల్ల ఒక బిరడా తీసింది.
తీయొద్దనాలి నేను. అనలేదు.
"మోగుతోంది" అంది.
"ఇంకా?"
"ఇంకా."

అతను నాలుగు వేళ్ళూ గుల్ల మీద ఆనించాడు,
వినడానికి.

"ఆగిపోయింది" అంది ఒయానా.