లంక కాపలా

సఖినేటిపల్లి రేవులో పంటు తాడు విప్పేసరికే
వాదన నడి గోదాట్లో ఉంది.

పొద్దున్న రేడియోలో చెప్పారట,
శ్రీలంకలో మన పటాలాలు ఉండాలో, వచ్చేయాలో
ఢిల్లీలో ఇంకా తేలలేదని.
తేల్చడానికి ఇక్కడ మేమున్నాం:
ఒక జీపు, కొబ్బరి పీచు మోపులు,
గంపలో పండుగప్పలు, ముప్పై మంది మనుషులు,
నా ఒళ్ళో ఏజెంటుకి అప్పజెప్పాల్సిన పన్నెండు లేసు గుడ్డలు.
సంచి అడుగున తమ్ముడి ఉత్తరం.
దాని మీద ఊరి పేరుండదు, అంకెలే.

మాజీ హవల్దారు మేడిద అప్పన్న గారు లేచి నిలబడ్డారు.
నిలబడితేగాని ఆయనకి మాట రాదు.
"మధ్యలో వదిలేసి వస్తే
పోయినవాళ్ళ నెత్తురికి ఏం జవాబు చెబుతాం?
పనయ్యాక వస్తాం. అందాకా ఉంటాం."

"ఏ పనండీ?" అన్నాడు గుబ్బల సత్తెయ్య,
మోకు ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంటూ.
"ఏ పనో సెబితే అయ్యిందో లేదో మేమే సెబుతాం.
కాపాడతామని ఎల్లారు, ఇప్పుడు ఆళ్ళ పెరళ్ళలో సోదాలు సేత్తన్నారు.
నా సెట్టెక్కి నాకే కల్లు పోత్తానంటే
ఎంత మంచోడినైనా దిగమంటాను."

నవ్వారు. హవల్దారు గారు నవ్వలేదు.
"పిలిస్తేనే ఎక్కాం."
"పిలిచింది సెట్టుగలాయన కాదండీ, పక్కింటాయన."

అప్పుడు లెక్కల మాస్టారు, నెమ్మదిగా, నీళ్ళకేసి చూస్తూ:
"మనల్ని నమ్మి దారి చూపించినవాళ్ళు ఉంటారక్కడ.
మనం ఓడెక్కిన రాత్రి
ఆ ఇళ్ళ తలుపులు ఎవరు కొడతారు?"

సత్తెయ్య కూడా ఏమీ అనలేదు.
కాసేపు ఇంజనొక్కటే మాట్లాడింది.

మాకు లంకంటే రామాయణంలోది కాదు,
వరద తీశాక గోదారి వదిలిన మేట.
నాన్న పడుచుతనంలో అలాంటిదొకటి లేచింది
మా ఊరికీ అవతలూరికీ నడుమ.
కర్రలు పట్టుకుని మావాళ్ళే ముందెళ్ళారు, పాకేశారు,
వంతులేసుకుని మూడేళ్ళు కాపలా కాశారు.
నాన్న వంతు రాత్రి
కంద తవ్వుకోడానికొచ్చిన కుర్రాడికి చెవి మీద దెబ్బ తగిలింది.
కాపలా ఎత్తేద్దామన్న ప్రతిసారీ ఎవరో ఒకరు
"మూడేళ్ళు ఉండి, ఇప్పుడా?" అనేవారట.
నాలుగో ఏటి వరదకి లంకే పోయింది.
ఆ కుర్రాడు ముసలాడయ్యాడు,
ఇప్పటికీ ఎడం పక్కనుంచి పిలిస్తే పలకడు.
నాన్న బతికినన్నాళ్ళూ ఆ రేవులో పడవ దిగలేదు.

ఇదంతా పంటు మీద చెప్పలేదు నేను.
చెబితే ఫిలేమోను అక్కడున్నాడని కూడా చెప్పాలి.
జాలిపడతారు, టీ ఇప్పిస్తారు,
నా ముందు ఇంకేమీ మాట్లాడరు.

ఉండాలనీ రాయలేదు వాడు, వచ్చేయాలనీ రాయలేదు.
"అక్కా, ఇక్కడా తాటిచెట్లే, ఇదే ఉప్పుగాలి.
నిన్న ఒకింటికి సోదాకెళ్ళాం.
నీ ఈడావిడ గుమ్మంలో కూచుని ఏదో అల్లుతోంది.
తలెత్తలేదు, వేళ్ళూ ఆపలేదు.
మంచం కింద చూశాం, బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టాం.
బయటికొస్తూ గడప దగ్గర, అలవాటు చొప్పున
'వెళ్ళొస్తాం' అనేశాను.
తెలుగులో అన్నాను కాబట్టి సరిపోయింది."

గడప దగ్గర ఉత్తినే 'వెళ్తాం' అంటే
మా అమ్మ నోటి మీద కొట్టేది, అపశకునమని.
ఆవిడకి ఆ సగం మాటే శుభం.
ఇంతమందిమి ఇంతసేపు వాదించుకున్నాం,
ఉంటామన్నారు, వస్తామన్నారు,
ఆ సగం మాట ఒక్కరి నోటా రాలేదు.

పంటు ఒడ్డుకి కొట్టుకుంది.
అప్పన్న గారి మోకాలు పట్టేస్తే
సత్తెయ్య రెక్క పట్టుకుని దింపాడు, ఇద్దరూ ఇంకా అరుచుకుంటూనే.

నర్సాపురంలో ఏజెంటు మూడో గుడ్డ వెలుతురుకి పట్టి
తప్పిన కన్నొకటి చూపించాడు,
రెండు రూపాయలు కోసేశాడు.
"ధ్యాస ఎక్కడ పెట్టి అల్లావమ్మా?"